దొర గుంత, సాయవ్వ బావి

ఉద్యోగమంటే ఏమిటి

పెళ్లికి పోతే అందరూ పందిరి చూస్తారు, వంటలు చూస్తారు. నేను చేతులు కడిగిన నీళ్లు ఎటు పారుతున్నాయో చూస్తాను. చుట్టాల ఇంటికి పోయి మోరీ వెతికే మనిషి లోకంలో నేనొక్కణ్ణేనని మా ఇంటావిడ నలుగురిలోనూ నవ్వేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాది పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. అయినా పోలేదు.

నిజాం సర్కారు రోజుల్లో నేను నారాయణఖేడ్ తాలూకాలో సఫాయి దారోగాను. అప్పుడు మా తాలూకా బీదర్ జిల్లా కింద ఉండేది. మోరీలు, బావులు, అంగడి స్థలం, సండాసులు, గత్తర, అంటే కలరా, వస్తే బావుల్లో మందు వేయడం, అన్నీ నా పనే. హైదరాబాదులో కొన్ని నెలలు పాఠం చెప్పి, ఒక ఖాకీ టోపీ, ఒక సైకిలు ఇచ్చి పంపారు. ఆ రోజుల్లో మా దిక్కు సైకిలు మనిషిని మోసిన దారికంటే మనిషి సైకిలును మోసిన దారే ఎక్కువ. కంగ్టి పోవాలంటే దాన్ని ఎడ్లబండి మీద వేసుకుని పోయేవాణ్ణి.

ఇప్పుడు ఈ కొలువులో కొత్తగా చేరిన పిల్లలు వచ్చి, ఏం తెలుసుకోవాలి అని అడుగుతుంటారు. నేను ఒకటే చెబుతాను. ఇంట్లోంచి బయటికి పోయిన నీళ్లు మాయమైపోవు, ఎక్కడికో పోతాయి. ఆ ఎక్కడికో అనేదాన్ని కనుక్కోవడమే మన ఉద్యోగం, మిగిలిందంతా టోపీ. ఇది నాకు పాఠంలో తెలియలేదు. ఒక దొరగారి గుంత, ఒక ముసలామె బావి కలిసి నేర్పాయి. ఆ నేర్చుకోవడంలో ఆ ముసలామె నోట్లో పండ్లు ఊడిపోయినంత పనైంది.

నిండని గుంత

మా తాలూకాలోని ఒక ఊళ్లో ఎగువన ఒక దొర ఇల్లుండేది. అప్పట్లో ఉన్నవాళ్ల ఇళ్లలో సండాసంటే వెనక గోడకు చిన్న తలుపు, లోపల ఒక తట్ట. ఆ తట్టను నెత్తిన పెట్టుకుని ఊరవతల పారబోయడానికి ఒక కుటుంబం ఉండేది. మనుషుల చేత ఆ పని చేయించడం తప్పు. అప్పుడూ తప్పే, కాకపోతే మా పాఠంలో ఎవరూ ఆ మాట అనలేదు. ఒక ఎండాకాలం ఆ కుటుంబం షోలాపూర్ మిల్లుల్లో పనికి పోయి మళ్లీ రాలేదు. దొర ఇంట్లో అందరూ వాళ్లను తిట్టారు. నాకైతే లోపల సంతోషమేసింది.

దొర అప్పటికే హైదరాబాదులో బంధువుల ఇంట గుంత సండాసు చూసి వచ్చాడు. నాకు పై అధికారి అయిన డాక్టర్ సాబ్ బీదర్ నుంచి వచ్చి నక్షా గీసి ఇచ్చాడు. గుంత ఎట్లా పనిచేస్తుందో మొదటిసారి విన్నప్పుడు నాకు కథ విన్నట్టే ఉంది. మైల నీళ్లు వచ్చి ఒక మూసిన తొట్టిలో కదలకుండా నిలబడతాయి. బరువుది అడుగుకు దిగుతుంది, తేలికది పైకి తేలి తెట్టె కడుతుంది. నడుమ ఉన్న నీళ్లు గొట్టం గుండా బయటికి పోతాయి. లోపల మిగిలిన మైలను కంటికి కనిపించని పురుగులు తింటూ ఉంటాయి. ఆ పురుగులకు గాలి అక్కరలేదు, వెలుతురు అక్కరలేదు. మురికిని మురికిలోనే పుట్టిన జీవం తింటుందన్నమాట.

గుంత కట్టడానికి బీదర్ దిక్కు నుంచి మేస్త్రీలొచ్చారు. ఆ దిక్కున దొరికే ఎర్ర చిల్లుల రాయితోనే వాళ్లకు పని. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలితే గట్టిపడే రాయి అది. ఇళ్లు, ప్రహరీలు, బావులు అన్నీ దానితోనే కడతారు, అందులో వాళ్లను మించినవాళ్లు లేరు. గుంత కూడా దానితోనే కట్టారు. లోపల గచ్చు మాత్రం చేయలేదు. ఎందుకంటే మా దిక్కు గుంత అంటే నీళ్లు తాగాలి. తాగే గుంత మంచిది, తాగని గుంత చెడ్డది. గచ్చు చేస్తే గుంత ఎట్లా తాగుతుందని పెద్దమేస్త్రీ అడిగాడట, దొరకు ఆ మాట నచ్చిందట.

మొదటి ఏడు గడిచినా గుంత నిండలేదు. దొర వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించేవాడు. నేను పోయినప్పుడల్లా బయటి గొట్టం కింద వేసిన అరటిమొక్కలను చూసేవాణ్ణి. నీళ్లు వచ్చి పడవలసిన చోట అరటి ఎండిపోయి ఉండేది. నిండుకుండ తొణకదంటారు గాని, నిండిన గుంత తొణకాలి. లోపలికి పోయినంత నీరూ గొట్టంలోంచి రాకపోతే ఇంకెటో పోతున్నట్టే. ఆ ఇంకెటో ఏదన్నది అప్పుడు నాకు తెలియదు.

ఇంకో తమాషా దొరసాని దగ్గర బయటపడింది. ఆమెకు మడి, ఆచారం ఎక్కువ. ఇంటి ఆవరణలో ఇంత మైల ఉండటం ఆమెకు సరిపడలేదు. అందుకని గుంత శుభ్రంగా ఉండాలని అమావాస్యకు అమావాస్యకు తట్టెడు సున్నం పోయించేది. బోళ్లు తోమిన బూడిద నీళ్లు కూడా అందులోకే మళ్లించింది. లోపల పురుగులుంటాయని, సున్నానికి అవి చస్తాయని, బూడిదను అవి తినలేవని, దానివల్ల గుంత పూడుతుందని నేను చెప్పాను.

"అంటే గుంతను కడుక్కుంట కూసుంటే గుంత సస్తదంటవ్" అంది.

"అంతే దొరసానీ. బూడిదనీళ్లు వేరే మోరీల పారనీయి. గుంతనైతే దాని మానాన దాన్ని ఉండనీయి."

మైలను మైలగా ఉంచడం కూడా ఒక మడే అన్నమాట అని ఆమె నవ్వింది. ఆ ఇంట్లో నా మాటను మొదట పట్టించుకున్న మనిషి ఆమే.

బిసి నీళ్లు

దొర ఇంటికి దిగువన ఒక వాడ, వాడ చివర సాయవ్వ బావి. సాయవ్వ కంగ్టి అవతల నుంచి వచ్చిన మనిషి, మాటలో సగం కన్నడం. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. బావి పక్కన చిన్న మడిలో వంకాయ, గోంగూర పండించి అంగడిలో అమ్ముకునేది. బావి నీళ్లు తియ్యగా ఉంటాయని వాడంతా అక్కడే తోడుకునేవాళ్లు. ఆమె ఎవరినీ కాదనలేదు.

గుంత కట్టిన మరుసటి ఎండాకాలం వాడలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఒక ఇంట తగ్గితే ఇంకో ఇంట. గత్తర అంత ఉరవడి లేదు గాని మనుషులు మంచాలకు అతుక్కుపోయారు. వడ్రంగం చేసే కిష్టయ్య ఇంట అతని కోడలు లేవలేని స్థితికి వచ్చింది. కిష్టయ్యకు ఆ కోడలంటే కూతురికంటే ఎక్కువ. ఆ బాధలో అతను ఒక సంగతి గమనించాడు. వాడంతా పడిపోయింది, సాయవ్వ మాత్రం నిక్షేపంగా తిరుగుతోంది. ఆమె కూడా ఆ బావి నీళ్లే తాగుతుంది గదా.

కుక్కను కొట్టాలంటే పిచ్చిదని పేరు పెట్టాలంటారు. ఒంటరి ఆడమనిషికి మా దిక్కు పెట్టే పేరు బాణామతి. ఎవరికీ కనబడకుండా మంత్రం వేసి మనుషులను పడగొడుతుందని. ఆ పేరు పడ్డదానికి చేసే మందు కూడా అందరికీ తెలుసు. పటకారుతో ముందు పండ్లు పీకుతారు. పండ్లు లేని నోట మంత్రం నిలవదని నమ్మకం. నేను మనూరు దిక్కు అట్లాంటి ఆమెను ఒకర్ని చూశాను. ఆమె అన్నం తినడం చూసిన తర్వాత నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

అందుకని సాయవ్వ దగ్గరికి పోయి, నువ్వెందుకు పడిపోలేదు అవ్వా అని నేరుగా అడిగాను. ఆమె కోపగించుకుంటుందని అనుకున్నాను. ఆమె పొయ్యి మీది కుండ చూపించింది.

"నా గొంతు మంచిగుండది దారోగా సాబ్. సల్లనీళ్లు పడవు. జీలకర్ర ఏసి కాగబెట్టి బిసినీళ్లే తాగుత. ఎన్నో ఏండ్ల సంది గంతే."

బిసి అంటే కన్నడంలో వేడి. కిష్టయ్య ఆమె మీద నేరం మోపడానికి ఏ సంగతి చూపించాడో, అదే ఆమె నిర్దోషి అని చెబుతోంది. కాచినప్పుడు పోయేది ఏదో ఆ నీళ్లలో ఉంది. బావి గట్టు మీద నిలబడి ఎగువకు చూస్తే దొర ఇంటి వెనక గోడ కనిపించింది. నడుమ ఎర్ర మొరం నేల, వాలుగా బావి దిక్కుకే దిగి ఉంది. ఎండిన అరటి ఎందుకు ఎండిందో అప్పుడు అర్థమైంది.

గాసునూనె

డాక్టర్ సాబ్‌కు చెప్పాను. ఆయన మంచి చదువరి, చేతివాటం లేనివాడు. ఒకే ఒక జబ్బు, పెద్దవాళ్ల దగ్గర గొంతు లేవదు. దొర మనసు నొప్పించకుండా, ఎవరికీ తెలియకుండా పరీక్ష చేయమన్నాడు. సండాసు గుంతలో గాసునూనె, అంటే కిరసనాయిలు పోసి, బావిలో ఆ వాసన వస్తుందేమో చూడాలి. పాత పద్ధతే, మంచి పద్ధతే. యుద్ధం రోజులు కాబట్టి గాసునూనె కంట్రోలు, ఆయనే ఎక్కడి నుంచో డబ్బా తెప్పించాడు. మోరీలు చూసే నెపంతో పోయి పోసి వచ్చాను.

వాసన వచ్చింది. కాకపోతే నాకంటే ముందు నీళ్లకు పోయిన ఆడవాళ్లకు వచ్చింది. బాణామతిలో కట్టుకున్న బట్టలు వాటంతట అవే అంటుకుంటాయని మా దిక్కు చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. బావిలో గాసునూనె వాసన అంటే ఇంకేముంది, సాయవ్వ వాడను తగలబెట్టబోతోంది. నేను సైకిలు దిగేసరికి బావి చుట్టూ జనం. సాయవ్వ మడి మధ్యలో నిలబడి ఉంది. కిష్టయ్య చేతిలో పటకారుంది.

ఆ నూనె పోసింది నేనేనని అరిచి చెప్పాను. దొర గుంత నుంచి మైల బావిలోకి వస్తోందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ముందే చెప్పి, పది మంది ఎదుట పోసి ఉంటే నమ్మేవాళ్లేమో. చాటుగా చేసిన పని ఎంత మంచిదైనా, బయటపడ్డాక దొంగపని లాగే ఉంటుంది. పిల్లలకు నేను చెప్పే రెండో మాట ఇది. ఎవరి నీళ్లను పరీక్ష చేస్తున్నావో వాళ్ల ముందే చెయ్యి.

"నువ్వు పోసినవంటే ఎట్ల నమ్మాలె సాబ్?" అన్నాడు కిష్టయ్య. "గామెనే నీ నోట్ల అనిపిస్తున్నదేమో."

"నా మాట నమ్మకు. నీ చేతులు నువ్వు నమ్ముతవా?"

అతను పటకారు కిందికి దించాడు. అప్పుడు అడిగాను. గుంతలో ఏది వేయాలో నువ్వే చెప్పు, నువ్వే వెయ్యి, బావి కాడ నీ మనుషులనే కూచోబెట్టు, నువ్వే తోడు, నువ్వే రుచి చూడు అన్నాను. అతను ఉప్పు అన్నాడు. దిష్టి తీసేది ఉప్పుతోనే గదా, ఉప్పు మీద ఏ మంత్రమూ పనిచేయదట. నేను కూడా ఉప్పునే కోరుకునేవాణ్ణి. ఉప్పు నీళ్లలో కరిగి నీళ్లు పోయిన చోటికే పోతుంది, కాచినా పోదు.

"ఉప్పు రాకుంటె మాత్రం నువ్వు అడ్డం రావొద్దు" అన్నాడు. నేను సరేనన్నాను. అనక తప్పదు. నూనె వచ్చినంత మాత్రాన ఉప్పు తెలిసేంత వస్తుందని ఎవరు చెప్పగలరు? బావిలో కలిసి పలచబడితే నాలుకకు అందదు. అప్పుడు నేనే ఆమెను పటకారుకు అప్పగించినట్టు అవుతుంది.

ఇక దొరను ఒప్పించాలి. డాక్టర్ సాబ్ ఆ గడప తొక్కవద్దన్నాడు. నేను దొరసాని దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొహం మాడిపోయింది. లోపలికి పోయి దొరతో ఏమందో నాకు తెలియదు. దొర బయటికి వచ్చి, తన గుంత పక్కాదని, బీదర్ మేస్త్రీలు కట్టిన పని ఎక్కడా కారదని, బస్తాడు ఉప్పు తన ఇంట్లోంచే ఇస్తానని, చూసుకోమని అన్నాడు. గొప్పకు పోయి ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకుంటే నాకేం.

బాగు చేసిన సంగతి ముందే చెబుతాను

ఉప్పు సంగతి చెప్పాక గచ్చు సంగతి ఎవరూ చదవరు, కాబట్టి ఆ గుంతను తర్వాత ఎట్లా బాగుచేశామో ముందే చెప్పేస్తాను. కొలువులో చేరే పిల్లలకు కావలసింది ఇదే.

గుంతను ఖాళీ చేసి ఆరబెట్టాము. లోపల అంతటా సున్నం, ఇటుకపొడి కలిపి మందంగా గచ్చు చేయించాము. చుక్క కారకుండా ఉందా లేదా అని మంచినీళ్లు నింపి, గీత పెట్టి, తెల్లారి చూశాము. గొట్టాన్ని బావి దిక్కు నుంచి తిప్పి, ఇంటికి అవతలి వాలులో కంకర, ఇసుక పరిచిన కాలువలోకి వదిలాము. ఆ పక్కన మళ్లీ అరటి వేశాము. ఈసారి గుంత నిండింది, తొణికింది, అరటి ఏపుగా లేచింది. స్నానం నీళ్లకు, బోళ్ల నీళ్లకు వేరే మోరీ వేశాము. సున్నం పోయడం దొరసానే మాన్పించింది. సాయవ్వ బావిని తాగడానికి వాడకుండా ఒక వానాకాలమంతా ఆపి, తోడి పారబోయించి, మందు వేసి మళ్లీ తెరిచాము. దగ్గరలో బావి ఉంటే, వాలు ఎటుందో చూడకుండా ఎక్కడా గుంత తవ్వనీయకండి. చిల్లుల రాయి, మొరం నేల నీళ్లను వడగట్టవు, ఊరికే దారి ఇస్తాయి.

ఉప్పు

ముందుగా కిష్టయ్యే బావిలోంచి ఒక కడవ తోడాడు. రోగం అంటకుండా దాన్ని కాచి, చల్లార్చి, తర్వాతి నీళ్లతో రుచి పోల్చుకోవడానికి మూతికి గుడ్డ కట్టి తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. తర్వాత దొర ఇంటికి పోయి, వాడ పెద్దలు చూస్తుండగా బస్తాడు ఉప్పును నీళ్లలో కలిపి గుంతలో పోశాడు. దొరసాని వరండాలో నిలబడి చూసింది. కిష్టయ్య కొడుకులు బావి కాడ కాపలా కూర్చున్నారు.

మొదటిరోజు కాచిన నీళ్లలో ఏమీ లేదు. మర్నాడూ లేదు. వాడ వాళ్లు నా వైపు చూడటం మానేశారు. సాయవ్వ మడికి నీళ్లు పెట్టడం మానేసి గుడిసె ముందర కూర్చుంది. ఆమె ఎటూ పారిపోలేదు. ఎక్కడికి పోతుంది, ఆ పేరు ఆమె కంటే ముందు నడుస్తుంది. బావిలో నీళ్లు అడుగంటుతున్నాయి. ఎగువ నుంచి వచ్చేది ఎంత వచ్చినా తెలిసిపోవాలని నాకు నేనే చెప్పుకుంటూ తిరిగాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను.

ఆ తర్వాతి పొద్దున కిష్టయ్య మళ్లీ కడవ తోడాడు. అందరి ఎదుట పొయ్యి మీద తెర్లగాచి చల్లారబెట్టాడు. ఇంట్లోంచి పాత కడవ తెచ్చి పక్కన పెట్టాడు. పాత నీళ్లు దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకున్నాడు. కొత్త నీళ్లు పోసుకున్నాడు. నోట్లోనే ఉంచుకుని నిలబడ్డాడు. మళ్లీ పాతవి, మళ్లీ కొత్తవి. తర్వాత పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"ఉప్పగున్నయ్" అన్నాడు మెల్లగా.

ఒకరి తర్వాత ఒకరు వచ్చి నాలుక మీద వేసుకుని చూశారు. ఎవరికీ అనుమానం లేకపోయింది. అప్పుడు గాని ఆ రుచి ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ల బుర్రకు తట్టలేదు. ఒక ఆడమనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇన్నాళ్లూ మన పిల్లలకు పోసింది ఆ నీళ్లేనా అని అడిగింది. దొర ఇంటి నుంచి చూడటానికి వచ్చిన జీతగాడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కిష్టయ్య పటకారును గట్టు మీద పెట్టి, ఆ చేతిని పంచెకు తుడుచుకున్నాడు.

సాయవ్వ అప్పటిదాకా కొంగును నోటికి అదిమిపెట్టుకుని నిలబడి ఉంది. అట్లాగే కిష్టయ్య ముందుకు వచ్చింది.

"ఇగ నోరు తెరువొచ్చునా కిష్టయ్యా?"

అతను తల ఎత్తలేదు. "తెరువు అక్కా" అన్నాడు.

ఆమె కొంగు తీసింది. ఇక మొదలుపెట్టింది. ముందు కిష్టయ్యను తిట్టింది, అతని తాతముత్తాతలను తిట్టింది. తన బావి నీళ్లు తాగి తన పండ్లకే పటకారు తెచ్చిన వాడనంతటినీ పేరుపేరునా తిట్టింది. దొరను తిట్టింది, గుంతను తిట్టింది, వాసన చూసి పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్లను తిట్టింది. చెప్పకుండా గాసునూనె పోసి తన నెత్తి మీదికి తెచ్చినందుకు నన్ను కూడా వదల్లేదు. సగం కన్నడం, సగం తెలుగు, కొన్ని తిట్లు నాకు అర్థం కూడా కాలేదు. ఆమె అలసిపోయి గట్టు మీద కూర్చునేదాకా అందరం తలలు వంచుకుని అక్కడే నిలబడి విన్నాము.